పండగకి మన చేతి తాంబూలం సంచి

శ్రావణ మాసం మొదలుకొని దసరా వెళ్ళేవరకూ మన ఇళ్ళలో పేరంటాలే పేరంటాలు. వారాంతం వచ్చిందంటే రెండు మూడు ఇళ్ళకి తాంబూలానికి వెళ్ళి వస్తాం, మన ఇంటికీ నలుగురినీ పిలుస్తాం. ఆకులు, వక్కలు, పళ్ళు, పసుపు కుంకుమలు అన్నీ శ్రద్ధగా సమకూర్చుకుంటాం. తీరా వాటిని పెట్టి ఇచ్చేది మాత్రం జిప్‌లాక్ కవరులోనో, షాపు ప్లాస్టిక్ సంచిలోనో. ఇంటికి వెళ్ళగానే ఆ కవరు చెత్తబుట్టలో పడుతుంది.

ఇంకోవైపు ఇంటింటా అలమరాల్లో రవికె గుడ్డలు పేరుకుపోయి ఉంటాయి. ఈ దేశంలో వాటిని కుట్టించుకునే వీలు తక్కువ. అందుకని ఒకరు పెట్టినది మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి పెడుతూ, చివరికి మనం పెట్టిన గుడ్డే మన ఇంటికి తిరిగి వచ్చిన సందర్భాలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి! తాంబూలంలో వచ్చిన గుడ్డని కత్తిరించవచ్చా అని కొందరికి సందేహం. రవికె గుడ్డ పెట్టేదే కుట్టుకోవడానికి. పెట్టెలో మగ్గిపోవడం కన్నా సంచి అయి మరో ముత్తయిదువ చేతికి వెళ్ళడమే దానికి మర్యాద అని నా అభిప్రాయం.

ఈ పాఠంలో ఆ గుడ్డలతో చిన్న సంచి చేసి, దాని మీద అష్టదళ పద్మం కుట్టడం నేర్చుకుందాం. ఇది ఒంటరిగా కూర్చుని చేసే పని కాదు. ఆరుగురో ఎనిమిదిమందో కలిసి, పిల్లలు తెలుగు తరగతిలో ఉన్న ఆదివారం రెండు గంటలు గుడి హాల్లో కూర్చుంటే సాగే పని. ఇంట్లో మొదలుపెట్టిన కుట్టుపని ఫోను మోగగానే సోఫా కిందకి చేరుతుంది. పదిమందిలో కూర్చుంటే కబుర్ల మధ్యే పువ్వు పూర్తవుతుంది. ఈ దేశపు ఆడవారూ ఇలాగే గ్రంథాలయాల్లో, చర్చి హాళ్ళలో కలిసి కుట్టుకుంటారు. 1958లో మొదలైన ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికాకి చాలా ఊళ్ళలో శాఖలున్నాయి. కుట్టు మీద బాగా ఆసక్తి కలిగినవారు అక్కడికీ వెళ్ళవచ్చు.

ముందు గుడ్డ సంగతి. నూలు గుడ్డ అయితే మంచిది. పాలియెస్టర్ కలిసినది జారుతుంది, దారం లాగగానే ముడతలు పడుతుంది. ఎరుపు, ముదురాకుపచ్చ గుడ్డలు రంగు దిగుతాయేమో ముందే చూసుకోవాలి. తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. తర్వాత ఉతికి ఇస్త్రీ చేయాలి. పూర్తయిన సంచికి 7 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు గల ముక్క కావాలి. కాని మొదట 9కి 22గా వదులుగా కత్తిరించండి. కుట్టు పూర్తయ్యాక సరిచేసుకోవచ్చు. మామూలు రవికె గుడ్డలో ఇలాంటివి నాలుగు వస్తాయి.

పద్మం గీయడానికి గాజు చాలు. రెండూ నాలుగు సైజు గాజుకి లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, మనకి సరిగ్గా సరిపోయే కొలత. కాగితం మీద గాజు పెట్టి గీసి, ఆ గుండ్రం కత్తిరించి, సగానికి మూడుసార్లు మడవండి. విప్పితే ఎనిమిది భాగాలు కనబడతాయి. ఒక్కో భాగంలో ఒక రేకు గీసుకుంటే చాలు, కొలబద్దతో పనిలేదు.

బొమ్మని గుడ్డ మీదికి దించడానికి మన అమ్మలు కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన నీలిమందు రుద్దేవారు. గుడి హాల్లోకి కిరసనాయిలు తేవద్దు. అవే చిల్లుల మీద సుద్దపొడిని దూదితో అద్దితే చాలు, చిల్లుల డబ్బాతో ముగ్గు వేసినట్టే చుక్కలు దిగుతాయి. వాటిని పెన్సిలుతో కలుపుకోండి. ఇస్త్రీ వేడికి చెరిగిపోయే ఫ్రిక్షన్ పెన్నులు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. ఆ సిరా 60 డిగ్రీల సెల్సియస్ వేడికి కనబడకుండా పోతుంది, చెరిగిపోదు. సున్నాకి పది డిగ్రీలు కిందకి చలి వెళితే గీతలు మళ్ళీ తేలడం మొదలవుతుంది. చికాగో, మినియాపొలిస్ చలికాలంలో సంచిని రాత్రంతా కారులో వదిలితే పొద్దున పద్మం పక్కన పాత గీతలన్నీ ప్రత్యక్షం. అందుకని పెన్సిలే నయం.

ముక్కని సగానికి మడిస్తే ఆ మడతే సంచి అడుగు. పద్మం మధ్య భాగం మడతకి 4 అంగుళాలు పైన రావాలి. రేకులు ఎటు చూసినా ఒకటే కాబట్టి తలకిందుల సమస్య లేదు. ఏనుగో చిలకో కుట్టదలుచుకున్నవారు మాత్రం ఏ సగం ముందు వైపో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

ఇక దారం. యాంకర్ గాని డి.ఎం.సి. గాని, లడీలో దారం ఆరు పోగులుగా ఉంటుంది. అందులో రెండు లేదా మూడు పోగులు విడదీసుకోవాలి. మూరెడు దారం చాలు. అంతకన్నా పొడుగు తీసుకుంటే మళ్ళీ మళ్ళీ ఎక్కించే బాధ తప్పుతుందనుకుంటారు గాని, చిక్కులు విప్పడంలో అంతకు రెట్టింపు సమయం పోతుంది.

రేకుల అంచుకి కాడ కుట్టు. ఎడమనుంచి కుడికి వెళ్ళాలి. గీత మీద బియ్యపు గింజంత ముందుకు గుచ్చి, సగం వెనక్కి వచ్చి సూది పైకి తీయాలి. దారం ఎప్పుడూ సూదికి కింది పక్కనే ఉండాలి. ఒకసారి పైన, ఒకసారి కింద ఉంటే తాడు పేనినట్టు రాదు. రేకు లోపల రెండో వరుస గొలుసు కుట్టు. దారాన్ని బొటనవేలితో నొక్కిపట్టి, పైకి వచ్చిన రంధ్రంలోనే మళ్ళీ గుచ్చి, కాస్త ముందుకి తీసి, ఉచ్చులోంచి లాగాలి. గట్టిగా లాగితే గొలుసు మూసుకుపోతుంది. రేకుల మధ్య చుక్కలకి ముడి కుట్టు. సూదికి దారం రెండు చుట్లు చుట్టి, పైకి వచ్చిన చోటికి ఒక పోగు పక్కన గుచ్చాలి. అదే రంధ్రంలో గుచ్చితే ముడి వెనక్కి జారిపోతుంది.

నడుమ అద్దం పెట్టాలనుకునేవారు ముందుగా రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా అద్దం మీదుగా పట్టీలు కట్టినట్టు వేసుకోవాలి. తర్వాత ఆ పట్టీని ఒకసారి, అంచు పక్క గుడ్డని ఒకసారి పట్టుకుంటూ చుట్టూ కాజా కుట్టు వేస్తే అద్దం కదలదు. ఈ పని మనకి బాగా పరిచయమైనది లంబాడీ ఆడవారి దుస్తుల మీద. నల్లగొండ వైపు దేవరకొండ తండాల్లో దీన్ని తల్లుల దగ్గర కూతుళ్ళు నేర్చుకుంటారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక అద్దం పెట్టి మన సంచిని "లంబాడీ వర్క్" అని చెప్పుకోకూడదు. వారి దగ్గర నేర్చిన కుట్టు ఇది అని పిల్లలకి చెబితే సబబు.

సంచి కట్టడం సులభం. మంచివైపులు లోపలికి వచ్చేలా మడిచి, పక్కలు అర అంగుళం వదిలి కుట్టాలి. పైన అంగుళంపావు మడిచి, బొందు దూరే దారి వదలాలి. ఇరవై అంగుళాల బొందులు రెండు తీసుకుని, పిన్నీసుతో చెరో వైపు నుంచీ దూర్చండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది సూదుల సంగతి. మన హాల్లో అందరూ చెప్పుల్లేకుండా నడుస్తారు, పసిపిల్లలు పాకుతారు. కూర్చునే ముందు సూదులు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి, లేచే ముందు మళ్ళీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా దొరికేదాకా ఎవరూ కదలకూడదు. ఒక పెద్ద అయస్కాంతం హాల్లో ఉంచుకుంటే వెతకడం తేలిక. శనివారం ఇనుము కొనకూడదన్న పట్టింపు ఉన్నవారు సూదులు ముందే తెచ్చుకోండి.

ఊరినుంచి వచ్చిన అమ్మలని, అత్తగార్లని తప్పక తీసుకురండి. ఆరు నెలలకని వచ్చి, మనం ఆఫీసులకి వెళ్ళాక పగలంతా కిటికీలోంచి వీధి చూస్తూ గడిపేవారు ఎందరో. వారి చేతుల్లో మనకి రాని కుట్లున్నాయి. శుక్లాల ఆపరేషన్ అయినవారికి సూది బెజ్జం కనబడకపోవచ్చు. తరగతి అయ్యాక వచ్చే మనవలకి ఆ పని అప్పగించండి. నాయనమ్మతో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకునే పిల్లవాడు "సూది ఇవ్వు, పోగు తియ్యి, ముడి వెయ్యి" అన్న మాటలకి చేతులతోనే జవాబు చెబుతాడు. ఎనిమిదేళ్ళ లోపు వారికి మొద్దు సూది, గోనె గుడ్డ ఇచ్చి మొదలుపెట్టాలి, అద్దాల బదులు చమ్కీలు. మగపిల్లల్ని పక్కన కూర్చోబెట్టవద్దు, వారికీ ఒక ముక్క ఇవ్వండి.

లెక్క కూడా చూసుకోండి. కొత్తవారికి ఒక సంచికి ఐదారు గంటలు పడుతుంది. ఎనిమిదిమంది ఆరు ఆదివారాలు కూర్చుంటే మనిషికి రెండు చొప్పున పదహారు సంచులు. నలభైమంది పేరంటానికి చాలవు. నవరాత్రుల్లో కుమారీ పూజకి కూర్చునే తొమ్మిదిమంది ఆడపిల్లలకి తొమ్మిది ఇచ్చి, మిగతావి ఈసారి ఇంటి పెద్దలకి పెట్టండి.

తమలపాకులు తడిగా ఉంటే రంగు అంటుతుంది, వాటిని మైనపు కాగితంలో చుట్టి పెట్టాలి. పసుపు, కుంకుమ పొట్లాలు గట్టిగా కట్టాలి. అరటిపళ్ళు విడిగా చేతికి ఇవ్వండి. దసరాకి పూర్తికాని పువ్వులుంటే రింగు విప్పేసి మడిచి దాచుకోండి, వదిలేస్తే గుడ్డ మీద గుండ్రం ముద్ర పడుతుంది. సంక్రాంతి బొమ్మల కొలువు పేరంటానికి అవి అక్కరకొస్తాయి.