గని కూలీ విల్లీ నేర్పే పొదుపు పాఠం

కంప్యూటర్ ఆట అనగానే పెద్దలు ‘చదువు చెడగొట్టే వస్తువు’ అంటారు. కుర్రాళ్లం ‘కాలక్షేపం’ అంటాం. ఈ రెండు మాటల్నీ కాసేపు పక్కన పెట్టి, లాబొరేటరీలో ఒక పరికరాన్ని విప్పి చూసినట్టు ఒక పాత ఆటను విప్పి చూద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ ఆట బ్రిటన్‌లో పుట్టింది. దాని నాయకుడు మైనర్ విల్లీ. మైనర్ అంటే ఇక్కడ గని కార్మికుడని అర్థం, మన వాడుకలోని మైనరుబాబు కాదు. అయితే రెండో ఆటకు వచ్చేసరికి విల్లీ అచ్చం మైనరుబాబే అవుతాడు. ఆ సంగతి తర్వాత.

ముందు యంత్రం సంగతి చూద్దాం. సింక్లెయిర్ రీసెర్చ్ అనే సంస్థ 1982లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరును విడుదల చేసింది. 48 కిలోబైట్ల మెమరీ ఉన్న రకం ధర 175 పౌండ్లు. ఇంట్లోని టీవీయే దానికి తెర, క్యాసెట్ టేప్ రికార్డరే దానికి గిడ్డంగి. 1986లో డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని దీని తర్వాతి రకాన్ని మన దేశంలోనూ అమ్మింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఆ తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలుంటాయి. మొత్తం 49,152 చుక్కలు. 48 కిలోబైట్లంటే ఎన్ని బైట్లు? సరిగ్గా 49,152! అంటే ఒక్కో చుక్క రంగుకు ఒక్కో బైటు ఇస్తే మెమరీ అంతా తెరకే సరిపోతుంది, ప్రోగ్రాము రాసుకోవడానికి ఒక్క బైటూ మిగలదు. అందుకని ఏం చేశారంటే, చుక్క వెలుగుతోందా లేదా అన్నదానికి ఒక్క బిట్ ఇచ్చారు. దానికి 6,144 బైట్లు పట్టాయి. రంగును మాత్రం 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న గడికి ఒక బైటు చొప్పున ఇచ్చారు. అలాంటి గడులు 768. మొత్తం 6,912 బైట్లతో పని అయిపోయింది. నష్టమేమిటంటే ఒక గడిలో రెండు రంగులకు మించి ఉండవు. రెండు బొమ్మలు ఒకే గడిలోకి వస్తే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది.

ఈ యంత్రం మీద మాథ్యూ స్మిత్ అనే 17 ఏళ్ల కుర్రాడు 1983లో ‘మానిక్ మైనర్’ ఆటను రాశాడు. సుమారు 8 వారాల్లో పూర్తి చేశాడంటారు. విల్లీ ఒక పాత గనిలో దిగుతాడు. ఊపిరి గాలి అయిపోయేలోగా తాళంచెవులన్నీ ఏరుకుని బయటపడాలి. అలాంటి గుహలు 20. ఒక్కో గుహకు 1,024 బైట్లు కేటాయించాడు. అందులో మొదటి 512 బైట్లు గడుల రంగులు. ఇక్కడే అతని తెలివి ఉంది. ఈ గడి నేలా, గోడా, ముట్టుకుంటే చచ్చే ముల్లా అన్నది తెలుసుకోవడానికి వేరే పట్టిక పెట్టుకోలేదు. ఆ గడి రంగునే గుర్తుగా వాడుకున్నాడు! కంటికి అందం, ప్రోగ్రాముకు ఆనవాలు – ఒకే బైటుతో రెండు పనులు. యంత్రానికి లోపమనుకున్న గడి రంగే అతనికి పనిముట్టయింది.

1984లో రెండో ఆట ‘జెట్ సెట్ విల్లీ’ వచ్చింది. గనిలో దొరికిన సొమ్ముతో విల్లీ పెద్ద భవంతి కొని విందు చేస్తాడు. విందు తర్వాత ఇంట్లో చెల్లాచెదురైన వస్తువులన్నీ ఏరితే గాని పనిమనిషి మరియా అతణ్ణి పడుకోనివ్వదు. ఈసారి సుమారు 60 గదులు. పాత పద్ధతిలో గదికి 1,024 చొప్పున వేస్తే 61,440 బైట్లు కావాలి. ఉన్నవే 49,152! స్మిత్ గదిని 256 బైట్లకు కుదించాడు. గదిలో 512 గడులుంటే, ఒక్కో గడికి రెండే బిట్లు. రెండు బిట్లతో నాలుగు రకాలు చెప్పవచ్చు: ఖాళీ, నేల, గోడ, ముల్లు. అలా 128 బైట్లలో గది పటం ఇమిడిపోయింది. శత్రువుల బొమ్మల్ని గదికొకటిగా రాయకుండా ఒకేచోట పెట్టి అన్ని గదులకూ పంచాడు. ఊళ్లో ఒక్క నాగలిని నలుగురు రైతులు వంతులవారీగా వాడుకున్నట్టన్నమాట.

అయితే ఇరుకులో కాపురానికి ఇబ్బందులూ ఉంటాయి. ఆ భవంతి అటకగదిలో ఒక బాణం ఎగురుతుంది. దాని దారి లెక్కలో పొరపాటు జరిగి, బొమ్మ గీయవలసిన చోటు దాటిపోయి ఆట సమాచారం మీదనే గీత గీసేది. మా పొలాల్లో గట్టు తెగితే నీరు ఏ చేలోకి పోతుందో ఎవరూ చెప్పలేరు. ఇదీ అంతే. స్పెక్ట్రమ్‌లో ఒక భాగం మెమరీని ఇంకో భాగం నుంచి కాపాడే గట్టే లేదు. అటకగదికి వెళ్లొచ్చాక ఎక్కడో ఉన్న వేరే గదుల్లో అడుగుపెట్టగానే విల్లీ చచ్చేవాడు. ఆట పూర్తి చేయడం అసాధ్యమైంది.

ఆట అమ్మిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ సంస్థ మొదట ‘అది తప్పు కాదు, ఆ గదుల్లో విషవాయువు నిండింది, కావాలనే పెట్టాం’ అని సమర్థించుకుంది. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుని, మెమరీలో ఏయే బైట్లు మార్చాలో ప్రకటించింది. నాకు ఈ ఆట చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదేననిపిస్తుంది. ప్రాక్టికల్‌లో ఒక రీడింగు గ్రాఫు మీద సరిగా కూర్చోకపోతే దానికో ‘విషవాయువు’ కథ అల్లాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. కాని కథ వల్ల గీత సరికాదు. ఎక్కడ గట్టు తెగిందో వెతికితేనే సరవుతుంది.

ఇవాళ ఔత్సాహికులు ఈ ఆటల ప్రోగ్రాములను విడదీసి, బైటు బైటుకూ వివరణ రాసి పెట్టారు. పాత యంత్రం లేకపోయినా దాన్ని అనుకరించే ప్రోగ్రాములున్నాయి. మన జేబులో ఫోనుకు ఆ స్పెక్ట్రమ్‌కన్నా లక్ష రెట్లు మెమరీ ఉంది. అయినా ‘మన కాలేజీలో పెద్ద సౌకర్యాలు లేవు, మనం ఏం చేయగలం’ అనే మాట మన కారిడార్లలో తరచు వినిపిస్తూనే ఉంది. సౌకర్యాలు అడగవలసిందే, అడుగుదాం. వచ్చేదాకా చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోనక్కర్లేదు. ఉన్న 48 కిలోబైట్లలో ఏం పడుతుందో లెక్క కట్టడం కూడా సైన్సే. మిత్రులారా, వచ్చే సెలవుల్లో ఒక్క గది పటాన్ని గళ్ల కాగితం మీద గీసి, గడికి రెండు బిట్ల చొప్పున 128 బైట్లలో రాసి చూడండి. కాగితం, పెన్సిలు చాలు.