ట్రేలో నారు, కుండీలో కాపు

మిద్దెతోట: ప్రశ్నలు – జవాబులు

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం నారు గురించే ఉంటాయి. ఈసారి మోతీనగర్, బోరబండ, కల్యాణ్‌నగర్ వైపు నుంచి ఎక్కువగా రాశారు. ఆ వీధుల్లో నేల దొరకదు గానీ దాదాపు ప్రతి ఇంటికీ ఒక మిద్దె ఉంది. మొక్క పెద్దదై జబ్బుపడ్డాక మందులు వెతుక్కునే కన్నా, మొదటి నెల రోజులు నారు మీద శ్రద్ధ పెడితే సగం బాధలు తప్పుతాయని నా గట్టి నమ్మకం. అందుకే ఈసారి జవాబులన్నీ నారు గురించే.

ప్రశ్న: మిద్దె మీద గ్రో బ్యాగులు పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ గింజలు నేరుగా వాటిలోనే వేశాను. విత్తనాల షాపులో గళ్ల ట్రే, కోకోపీట్ కొనమంటున్నారు. నిజంగా అవసరమా? అన్ని విత్తనాలూ ట్రేలోనే వేయాలా?
– ఒక గృహిణి, మోతీనగర్

జవాబు: అన్నీ వద్దమ్మా. నాటు వేసే పంటలకే ట్రే. టమాటా, వంగ, మిరప, క్యాప్సికం, క్యాబేజీ, కాలీఫ్లవర్, బంతి: వీటి నారు ప్రోట్రేలో పెంచితే తేడా మీకే తెలుస్తుంది. మడిలో పోసిన నారును పీకినప్పుడు వేళ్లకుండే సన్నటి నూగు తెగిపోతుంది. మొక్క నీళ్లు తాగేది ఆ నూగుతోనే. అందుకే మడినారు నాటాక నాలుగైదు రోజులు తల వేలాడేస్తుంది. ట్రే గడిలో వేరు కిందికి దిగి, అడుగున ఉన్న రంధ్రం దగ్గర గాలి తగలగానే ఆగిపోతుంది. పైన పక్కవేళ్లు పుట్టుకొస్తాయి. నాటే రోజుకు గడి నిండా వేళ్లు అల్లుకుని, కోకోపీట్‌తో సహా ముద్దలా ఊడి వస్తుంది. ఒక్క వేరు కూడా తెగదు.

గుంటూరు, ఖమ్మం మిరప రైతులు, మదనపల్లె టమాటా రైతులు షేడ్‌నెట్ నర్సరీల్లో ట్రే నారుకు ముందే ఆర్డరు ఇచ్చుకునేది ఇందుకే. హైబ్రిడ్ విత్తనం ఖరీదు పెరిగాక గింజ గింజా మొక్క కావాలి కదా.

ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ మాత్రం ట్రేలో వేయకండి. తల్లివేరు వంకర పోతే దుంప చీలిపోతుంది. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర కూడా నేరుగా బ్యాగులోనే వేయండి. బీర, సొర, కాకర, దోస లాంటి తీగజాతులకు 50 గళ్ల ట్రే గానీ కాగితం కప్పు గానీ వాడి, రెండు వారాల లోపే నాటేయండి. ఆలస్యమైతే వాటి వేళ్లు మార్పును ఓర్చుకోవు. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి వేయండి. టమాటా, వంగ, మిరపలకు 98 గళ్ల ట్రే సరిపోతుంది. మీ ఇంటికి అందులో సగం నింపినా ఎక్కువే.

ప్రశ్న: కోకోపీట్ ఇటుక నానబెట్టి ట్రే నింపాను. టమాటా మొలిచింది కానీ రెండాకుల దగ్గరే ఆగిపోయి పాలిపోయింది. మిరప పది రోజులైనా మొలవలేదు. విత్తనం మంచిది కాదా?
– రిటైర్డ్ ఉద్యోగి, బోరబండ

జవాబు: మిరప విషయంలో ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి. టమాటా 5 నుంచి 8 రోజుల్లో, వంగ 7 నుంచి 10 రోజుల్లో మొలుస్తాయి. మిరపకు 8 నుంచి 12 రోజులు పడుతుంది, చల్లటి రోజుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. గింజ ఏమైందోనని తవ్వి చూడకండి, తెల్లటి మొలక విరిగిపోతుంది. విత్తనం మీద అనుమానముంటే పది గింజలు తడి గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచండి. రెండు వారాల్లో ఏడెనిమిది మొలకెత్తితే విత్తనం మంచిదే. మిరప, ఉల్లి గింజలు పాతబడితే మొలక శక్తి త్వరగా పోతుంది, కాబట్టి ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి.

ఇకముందు విత్తేటప్పుడు నర్సరీ వాళ్లు చేసే పని చేయండి. గింజను అర సెంటీమీటరు లోతున వేసి, పైన కోకోపీట్ పల్చగా కప్పి, తడిపి, ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పుతారు. లోపల వెచ్చదనం, తేమ నిలిచి మొలకలన్నీ ఒకేసారి వస్తాయి. మీకు ఒకటే ట్రే ఉంటే దాన్నే కవరుతో కప్పి నీడలో ఉంచండి. మూడో రోజు నుంచి రోజూ పొద్దున్నే ఎత్తి చూడండి. మెడ వంచుకున్న మొలకలు అక్కడక్కడా కనబడగానే, మిగతావాటి కోసం ఆగకుండా, కవరు తీసేసి వెలుతురులోకి మార్చాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగిపోతాయి.

టమాటా ఆగిపోయిందంటే నాకు కోకోపీట్ మీదే అనుమానం. అది కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు. నీటిని బాగా పట్టి ఉంచుతుంది గానీ దానిలో మొక్కకు తిండి లేదు. పైగా సరిగా కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. ఇటుకను నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. టీ రంగు నీళ్లు పలచబడేదాకా ఇలా చేయాలి. తర్వాత మూడు పాళ్ల కోకోపీట్‌కు ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్ట్ కలపండి. పిడికిట్లో గట్టిగా పిండితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే తడి ఎక్కువ, ముద్ద కట్టకపోతే తక్కువ.

ఇప్పుడున్న నారుకు ముందు రెండుసార్లు మంచినీళ్లతో గడులు కడిగినట్టు తడపండి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల 19:19:19 ఎరువు కలిపి పోయండి. విత్తిన 12వ రోజున ఒకసారి, 20వ రోజున మరోసారి ఇలా ఇవ్వాలి. రసాయనం వద్దనుకుంటే వర్మీకంపోస్ట్ నానబెట్టి వడకట్టిన నీళ్లు పోయండి. మీ బోరు నీళ్లు కాగిన గిన్నెలో తెల్లటి పొర కడుతుంటే అవి నారుకు వాడకండి. మంజీరా నీళ్లు పట్టి, మూత తీసి రాత్రంతా ఉంచి వాడుకోండి.

ప్రశ్న: మాది ఫ్లాట్. బాల్కనీలో పెంచిన నారు సన్నగా, పొడవుగా సాగుతోంది. కొన్ని మొక్కలైతే పొద్దున లేచేసరికి పడిపోయి ఉంటున్నాయి. రెండూ ఒకే జబ్బా?
– ఒక ఉద్యోగిని, కల్యాణ్‌నగర్

జవాబు: రెండూ వేరు. సాగడం వెలుతురు చాలక. నారుకు రోజూ నాలుగైదు గంటల పొద్దుటి ఎండ కావాలి. బాల్కనీ ఏ దిక్కున ఉన్నా పైన మరో బాల్కనీ ఉంటే ఆకాశం సగమే కనబడుతుంది. మీ అసోసియేషన్ ఒప్పుకుంటే ట్రేను మిద్దె మీదికి మార్చి, 50 శాతం షేడ్‌నెట్ కింద ఉంచండి. ఆ నెట్ మండే ఎండను, వాన దెబ్బను ఆపుతుంది. పావురాలనూ రానివ్వదు. మన అపార్ట్‌మెంట్లలో లేత నారును తుంచేసేది ఎక్కువగా పావురాలే.

పడిపోవడం నారుకుళ్లు తెగులు. పడిన మొక్కను దగ్గరగా చూడండి. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. కాండం మట్టిని తాకే చోట మాత్రం నీళ్లు నిండినట్టు మెత్తబడి, గోధుమరంగు తిరిగి, దారంలా సన్నబడి ఉంటుంది. పిథియం వంటి శిలీంద్రాల పని ఇది. ఎప్పుడూ తడిగా ఉండే గడి, గాలి ఆడని చోటు, ఒకే గడిలో మూడు నాలుగు గింజలు, ఇవన్నీ దానికి అనుకూలం. పడినవాటిని గడితో సహా తీసి పారేయండి. మిగిలినవాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. సాయంత్రం నీళ్లు మానేసి, పొద్దున్నే పోయండి.

మళ్లీ విత్తేటప్పుడు పాత ట్రేను బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి. కోకోపీట్‌లో ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపితే ఈ తెగులు చాలావరకు రాదు. అయితే అది మేలు చేసే శిలీంద్రం. దానితోపాటు కాపర్ మందు వాడితే అదీ చస్తుంది, కాబట్టి రెండింట్లో ఒకటే ఎంచుకోండి. గులాబీ రంగు పూసి ఉన్న విత్తనం అప్పటికే మందు పట్టించినది. దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, పిల్లలకు అందనివ్వద్దు.

ప్రశ్న: నేను సినిమాలకు లైట్‌మన్‌గా పనిచేస్తాను. షూటింగ్ అన్నపూర్ణ స్టూడియోలో ఉంటే రాత్రికి ఇంటికొస్తాను. రామోజీ ఫిల్మ్ సిటీ అయితే చీకటితోనే బయల్దేరాలి, అవుట్‌డోర్ పడితే రెండు రోజులు రాను. రెండుసార్లు నారు ఎండిపోయింది. నాలాంటివాళ్లు ఈ పని మానుకోవడమే మంచిదా?
– ఒక సినీ కార్మికుడు, కృష్ణానగర్

జవాబు: మానుకోవద్దు తమ్ముడూ. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. నీళ్లు అడుగు నుంచి అందేలా చేస్తే మీరు ఊళ్లో లేకపోయినా నారు బతుకుతుంది. ఒక చెక్క మీద పాత కాటన్ లుంగీని నాలుగు మడతలు వేసి పరిచి, బాగా తడపండి. లుంగీ ఒక కొస పక్కనే ఉన్న నీళ్ల టబ్బులో మునిగి ఉండాలి. టబ్బులో నీటిమట్టం చెక్క కన్నా కొద్దిగా కిందనే ఉండేలా చూసుకోండి. మరీ లోతుకు పోతే గుడ్డ నీళ్లను పైకి లాగలేదు. ట్రే అడుగులు గుడ్డకు తగిలేలా పెడితే కోకోపీట్ తనకు కావలసినంత పీల్చుకుంటుంది. వెళ్లేముందు పైనుంచి కూడా ఒకసారి తడిపి, ట్రేను నీడవైపు జరిపి వెళ్లండి. ఇంటికి రాగానే ట్రేను గుడ్డ మీంచి తీసేయండి. రోజూ అలాగే వదిలేస్తే పై జవాబులో చెప్పిన కుళ్లు మొదలవుతుంది.

ఇంకో మాట. చిన్న గడి త్వరగా ఆరిపోతుంది. మీకు 98 గళ్ల ట్రే కన్నా 50 గళ్లది నయం. టీ కప్పులకు అడుగున రెండు రంధ్రాలు పొడిచి వాడుకున్నా ఖర్చు లేకుండా పని జరుగుతుంది.

ప్రశ్న: ట్రేలో నవనవలాడిన వంగ నారు కుండీలో నాటగానే వాడిపోయింది. నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఎక్కడ పొరపాటు?
– ఒక ఉపాధ్యాయిని, సనత్‌నగర్

జవాబు: మూడు చోట్ల జరిగి ఉండొచ్చు. మొదటిది వయసు. టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు నాటడానికి వస్తుంది. రోజులు లెక్కపెట్టడం కన్నా వేళ్లను చూడటం మంచిది. అడుగు రంధ్రంలోంచి వేలితో మెల్లగా నెట్టి ఒక మొక్కను బయటికి తీయండి. తెల్లటి వేళ్లు ముద్ద చుట్టూ అల్లుకుని, కోకోపీట్ రాలకుండా పట్టుకుని ఉంటే సమయం వచ్చినట్టే. ముద్ద విరిగిపోతే మళ్లీ గడిలో పెట్టి వారం ఆగండి. వేళ్లు గోధుమరంగు తిరిగి చుట్లు చుట్టుకుని ఉంటే ఆలస్యమైందని అర్థం. అడుగున చుట్లను కొద్దిగా విప్పి ఆ రోజే నాటేయండి.

రెండోది గట్టిపరచడం. నీడలో పెరిగిన ఆకు ఒక్కసారిగా ఎండకు తట్టుకోలేదు. నాటడానికి వారం ముందు నుంచి నీళ్లు కొంచెం తగ్గిస్తూ, ఎండలో ఉంచే సమయం రోజూ ఒక గంట పెంచండి. పూర్తిగా నీళ్లు ఆపేయడం మాత్రం తప్పు.

మూడోది నాటే తీరు. మీ విషయంలో ఇదే జరిగిందని అనుకుంటున్నాను. కోకోపీట్ ముద్ద పైభాగం మట్టిపైకి కనబడుతూ ఉంటే గాలికి అది ముందు ఆరిపోయి, వేళ్ల దగ్గరున్న తేమనంతా లాగేస్తుంది. కుండీ మట్టి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో వాడుతుంది. నాటే ముందు ట్రేను బాగా తడిపి, కుండీ మట్టినీ తడిపి ఉంచండి. ముద్ద పైన ఒక అంగుళం మించకుండా మట్టి కప్పి, చుట్టూ వేళ్లతో నొక్కి, వెంటనే నీళ్లు పోయండి. వంగ, మిరపలకు మొదలు దగ్గర ఇంతకన్నా ఎక్కువ మట్టి ఎక్కనివ్వొద్దు. టమాటాను మాత్రం మొదటి ఆకుల దాకా లోతుగా నాటొచ్చు, కాండం పొడవునా కొత్త వేళ్లు వేస్తుంది. సాయంత్రం నాటి, మూడు రోజులు నీడ కల్పించండి. నీళ్లలో వేస్తే ఉబ్బే కోకోపీట్ బిళ్లలు వాడినవాళ్లు నాటే ముందు చుట్టూ ఉన్న వల చీల్చి తీసేయాలి. కొన్ని వలలు మట్టిలో కలవవు.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు, రెడీ నారు కొనుక్కుంటే పోదా? పోయినేడు కొన్న హైబ్రిడ్ టమాటా పండ్లలోంచి గింజలు తీసి దాచాను. అవి పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, ఎర్రగడ్డ

జవాబు: మొదటిసారి పెంచేవాళ్లు నారు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. తెలంగాణ ఉద్యానశాఖకు జీడిమెట్లలో, సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేంద్రాల్లో ప్రోట్రేల మీద కూరగాయ నారు పెంచుతారు. జీడిమెట్ల మీకు దగ్గరే. ఫోన్ చేసి ఏ నారు ఉందో కనుక్కుని వెళ్లండి. ఎక్కడ కొన్నా ఆకు తిరగేసి చూడటం మరవద్దు. అడుగున తెల్లదోమ ఎగిరితే ఆ నారు వద్దు. టమాటాకు ఆకుముడత వైరస్‌ను తెచ్చేది ఆ దోమే. నారు దశలోనే వైరస్ సోకితే మొక్క గిడసబారి కాపే ఉండదు. పూత మీదున్న పొడుగాటి నారు కూడా కొనకండి, అది ట్రేలోనే ముదిరిపోయిన సరుకు.

హైబ్రిడ్ పండు గింజలు మొలుస్తాయి, కానీ తల్లి గుణాలన్నీ పిల్లకు రావు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ టమాటా ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమచ్చ తెగుళ్లను తట్టుకునే హైబ్రిడ్. దాని గింజలు తీసి వేస్తే ఆ మూడు బలాలూ ప్రతి మొక్కకూ వస్తాయని నమ్మలేం. విత్తనం దాచుకోవాలనుకుంటే సూటి రకాలు వేయండి. టమాటాలో పీకేఎం–1, పూసా రూబీ, వంగలో భాగ్యమతి, మిరపలో గుంటూరు లాం కేంద్రం ఇచ్చిన ఎల్‌సీఏ–334 అలాంటివే.

ఇక శ్రమ సంగతి. కొన్న నారులో మీరు తినేది నర్సరీ వాళ్లు ఎంచిన రకం. మీరే పోసుకున్న నారులో మీ అమ్మగారి ఊరి వంకాయ కూడా పండుతుంది. అలాంటి నాటు రకాల నారు ఏ నర్సరీలోనూ సులువుగా దొరకదు. ఈ వానాకాలం టమాటా నారు కొనుక్కోండి. దానితోపాటే ఊరి నుంచి తెచ్చుకున్న వంగ గింజలు ఒక పది గడుల్లో వేసి, గడి పక్కన రకం పేరు, విత్తిన తేదీ రాసి పెట్టండి. వచ్చే ఏడాది మీరే నాలుగిళ్లకు నారు పంచుతారు.