అసలు, నకలు: గ్రాఫ్ డేటాబేసుల పరిరక్షణ

'అసలు', 'నకలు' అనే రెండు మాటలు ఉర్దూ విద్యార్థులకూ తెలుగు విద్యార్థులకూ సమానంగా పరిచితమైనవే. దస్తావేజుకు నకలు తీయుట సులభం. కాగితం ఒకే చోట ఉండును; వ్రాత కదలదు. అట్లుగాక అసలు పది యంత్రాలపై పరచుకొని, నకలు తీయుచున్న క్షణంలో సైతం మారుచున్నచో ఏమి చేయవలెను? నేటి కంప్యూటర్ శాస్త్రంలో ముఖ్యమైన ఈ ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలింప దలచినాము.

మొదట గ్రాఫ్ అనగా నేమో తెలిసికొందము. 1736లో ఆయిలర్ అను గణితజ్ఞుడు కోనిగ్స్‌బర్గ్ నగరపు ఏడు వంతెనల సమస్యను విచారించుచు, దూరాలను విడిచి, ఏ భాగం ఏ భాగంతో కలిసి ఉన్నదన్న విషయాన్నే గ్రహించెను. గ్రాఫ్ సిద్ధాంతానికి అదియే నాంది. వస్తువులను శీర్షాలనియు, వాటి మధ్య గల సంబంధాలను అంచులనియు అందురు. ఆసుపత్రిని ఉదాహరణగా తీసుకొందము. రోగి ఒక శీర్షం. పెనిసిలిన్ మరొక శీర్షం. ఆ మందు ఆ రోగికి 'పడదు' అన్నది ఆ రెండింటినీ కలుపు అంచు.

ఇచ్చట ఒక ప్రమాదం గమనింపదగినది. రోగి వివరాలే పోయినచో వెంటనే తెలియును. 'పడదు' అను అంచు మాత్రమే పోయినచో ఎవరికిని తెలియదు. ఈ మందుకు అభ్యంతరం కలదా అని వైద్యుడు అడుగగా, యంత్రం 'లేదు' అని నిస్సంకోచంగా జవాబిచ్చును. పోయిన సంబంధం దోషంగా కనిపింపదు. అబద్ధపు సమాధానంగా మిగులును. గ్రాఫ్‌కు నకలు తీయువారు మొదట గుర్తుంచుకొనవలసినది ఇదియే.

సమాచారం ఒక యంత్రంలో ఇమడనప్పుడు దానిని పలు యంత్రాలకు పంచుదురు. దీనినే డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసు అందురు. ఉదాహరణకు జానస్‌గ్రాఫ్ అను డేటాబేసు తన సమాచారాన్ని కాసాండ్రా వంటి మరొక నిల్వ వ్యవస్థలో దాచును. ప్రతి అంచును దాని రెండు కొసల యందలి శీర్షాలతోను రెండు మార్లు వ్రాయును. రోగి ఒక యంత్రంలో, మందు మరొక యంత్రంలో ఉన్నచో ఒకే అంచు రెండు చోట్ల ఉండునన్న మాట.

ఇప్పుడు ఉదయం 10 గంటలకు మొదటి యంత్రానికి నకలు తీసితిమనుకొందము. 10 గంటల 2 నిమిషాలకు నర్సు 'పడదు' అని నమోదు చేసెను. 10 గంటల 5 నిమిషాలకు రెండవ యంత్రానికి నకలు తీసితిమి. మందు వైపు అంచు నకలులో చేరినది. రోగి వైపు చేరలేదు. ఏ యంత్రపు నకలుకు ఆ నకలు సరియైనదే. రెండింటిని కలిపినచో గ్రాఫ్ తప్పు.

కాసాండ్రాలో ప్రతి సమాచారాన్ని సాధారణంగా మూడు యంత్రాలలో ఉంచుదురు గదా, వేరే నకలెందుకని కొందరు సందేహింతురు. ఒక యంత్రం చెడినచో ఆ ఏర్పాటు కాపాడును. కాని పొరపాటున ఇచ్చిన 'తుడిచివేయుము' అను ఆజ్ఞ కూడ ఆ మూడింటికిని చేరును. కనుక అది బ్యాకప్ కాజాలదు.

పలు యంత్రాల స్థితిని పొందికగా గ్రహించు మార్గాన్ని 1985లో చాందీ, లాంపోర్ట్ అను శాస్త్రవేత్తలు ప్రతిపాదించిరి. వీరిలో చాందీ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు. ఒక యంత్రం తన స్థితిని నమోదు చేసికొని ఇతర యంత్రాలకు ఒక గుర్తును పంపును. గుర్తు మొదటిసారి అందిన ప్రతి యంత్రం అట్లే చేయును. తక్కిన దారులలో గుర్తు వచ్చువరకు అందిన సందేశాలను కూడ వ్రాసికొనును. ఈ విధంగా పనిని ఆపకయే, దారిలో ఉన్న సందేశాలతో సహా పొందికైన చిత్రం లభించును.

ఆచరణలో సులభమైన పద్ధతి మరొకటి కలదు: కొద్దిసేపు వ్రాతలను ఆపి, అన్ని యంత్రాలలో ఒకేసారి స్నాప్‌షాట్ తీయుట. కాసాండ్రా డిస్కుపై వ్రాసిన డేటా ఫైలును మరల దిద్దదు. అందుచే స్నాప్‌షాట్ అనగా ఆ ఫైలుకు మరొక పేరు పెట్టుటయే. అది క్షణాలలో ముగియును. అయితే ఆ రెండవ పేరు కూడ అదే డిస్కుపై ఉండును. డిస్కు పోయినచో రెండును పోవును. కనుక ఫైళ్లను వేరొక చోటికి తరలించిననే పని పూర్తియగును. వెదకుటకై ఎలాస్టిక్‌సెర్చ్ వంటి సూచికను వాడుచున్నచో, దాని నకలు కూడ అదే సమయానిదై ఉండవలెను. లేదా అసలు సమాచారం నుండి సూచికను మరల నిర్మింపవలెను.

నకలు తీయుట సగం పని; పునరుద్ధరించుట తక్కిన సగం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేసును తుడిచివేసెను. అది గ్రాఫ్ డేటాబేసు కాకపోయినను పాఠం అందరిదియే. నిత్యం జరుగుచున్నవనుకొన్న బ్యాకప్‌లు విఫలమగుచుండెనని అప్పుడే తెలిసినది. వైఫల్యాన్ని తెలుపు ఈమెయిళ్లు సైతం చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు ఒక ఇంజనీరు తీసియుంచిన స్నాప్‌షాట్ ఆదుకొన్నది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

కావున నియమిత కాలంలో నకలును వేరు యంత్రాలపై పునరుద్ధరించి చూడవలెను. యంత్రాల సంఖ్య మారినచో ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లు పెట్టుట చాలదని, కొత్త పంపకం ప్రకారం ఎక్కింపవలెనని అప్పుడే అనుభవానికి వచ్చును. శీర్షాలను, అంచులను రకాల వారీగా లెక్కింపవలెను. ప్రతి అంచుకు రెండు కొసలు ఉన్నవా, రెండు వైపుల నుండి అడిగినను ఒకే జవాబు వచ్చుచున్నదా అని పరీక్షింపవలెను. పునరుద్ధరణకు పట్టిన కాలాన్ని కూడ వ్రాసి ఉంచవలెను.

రేపు ఈ వృత్తిలో ప్రవేశింపబోవు మన విద్యార్థులను ఏ అధికారియైనను 'నకలు ఉన్నదా?' అని అడుగవచ్చును. 'ఉన్నది' అన్న జవాబు చాలదు. 'ఫలానా రోజున దానిని తిరిగి నిలబెట్టి చూచితిమి. సంబంధాలన్నియు సరిపోయినవి' అని చెప్పగలిగిననాడే ఆ నకలు అసలుకు రక్షణ కాగలదు.