రైతు కనిపెట్టిన దానికి హక్కుదారు డెవరు?

దంతె పండ్ల నడిమి యెడమును తన పొలమునకు దగినట్లు మార్చుకొనిన రైతును, వరిమడిలో వింతకంకిని జూచి వేఱుగ దాచుకొనిన రైతును మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు పలువు రెఱుగుదురు. ఊరివారు వాని నేర్పును మెచ్చుకొందురు. మఱుసటి యేట తామును అట్లే చేసికొందురు. ఇందు దోషమేమియు లేదు. కాని ఆ పనిముట్టునే యొక వర్తకుడు వేలకొలది చేయించి యమ్మినచో, మొదట నాలోచించినవానికి రావలసిన దేమి? ఈ సంగతియే నేటి పాఠము.

మనకు మిక్కిలి చేరువ యుదాహరణము శ్రీ చింతకింది మల్లేశము. ఈయన యూరు ఆలేరు సమీపమందలి శారాజీపేట. 2016 వఱకు అది మన పాత నల్లగొండ జిల్లాలోనిదే. చేనేత కుటుంబమున బుట్టి, ఆఱవ తరగతితో చదువు మానినవాడు. చిటికి చీరకు ముందుగ ఆసు పోయవలెను. ఒక్కొక్క చీరకు నూలును మేకుల చుట్టు సుమారు 9,000 మార్లు చేతితో త్రిప్పవలెను. దినమునకు రెండు చీరలన్న 18,000 మార్లు. తల్లి లక్ష్మిగారి భుజము ఈ పనిచే నొచ్చుచుండుట చూడలేక, ఆయన 1992లో యంత్రనిర్మాణమునకు పూనుకొనెను. చేతిలో ధనము లేదు. ఇరుగుపొరుగు వారికి నమ్మకమును లేదు. హైదరాబాదునకు బోయి విద్యుత్పనులు చేయుచు, వచ్చిన కూలితో ఒక్కొక్క భాగమును గూర్చెను. చివరకు మిగిలిన చిక్కు, బాలానగరమున వేఱొక యంత్రము కదలికను జూచినపుడు విడిపోయెను. 1999లో యంత్రము పూర్తియయ్యెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్ర మనిరి. 2011లో దానికి పేటెంటు లభించెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కార మొసగబడెను.

ఇక్కడ నొక సూక్ష్మము గమనింపవలెను. ఆసు పోయుట తరతరముల విద్య. దానికి ఎవ్వరును పేటెంటు పొందజాలరు. హక్కు కలిగినది ఆ పనిని చేయు యంత్రపు క్రొత్త యమరికకు మాత్రమే. 1970 నాటి పేటెంట్ల చట్టము సంప్రదాయ జ్ఞానమును, సేద్యపు పద్ధతులను, మొక్కలను, విత్తనములను పేటెంటునకు అర్హములు కావని 3వ సెక్షనులో చెప్పుచున్నది. కావున మన రైతు క్రొత్త నాటు పద్ధతిని కనిపెట్టిన పేటెంటు రాదు. నాటు యంత్రమును కనిపెట్టిన రావచ్చును. వచ్చిన హక్కు దరఖాస్తు తేదీ మొదలు 20 సంవత్సరము లుండును, అదియు ఏటేట రుసుము చెల్లించుచున్నచో.

మఱి విత్తనము మాట యేమని మన సభ్యు డడుగవచ్చును. హెచ్.ఎం.టి. సన్నబియ్యము పేరు మిర్యాలగూడ మిల్లులలో నెఱుగనివా రరుదు. దానిని కనిపెట్టినవాని పేరు నెఱిగినవారే అరుదు. ఆయన మహారాష్ట్రమున చంద్రపురము జిల్లా నాందేడు గ్రామవాసి దాదాజీ రామాజీ ఖోబ్రగడే. కొద్దిపాటి భూమి గల రైతు. 1983లో పటేల్-3 అను వరి మడిలో భేదముగ నున్న కంకులను జూచి, వానిని వేఱుచేసి, యేండ్లతరబడి విత్తి పెంచెను. ఆ కాలమున జనప్రియమైన గడియారము పేరే ఆ వడ్లకు వచ్చినది. విశ్వవిద్యాలయము వారును ఆయన యొద్ద విత్తనము గొని, శుద్ధిచేసి, పి.కె.వి. - హెచ్.ఎం.టి. అను పేర రకమును వెలువరించిరి. పంట రాష్ట్రములు దాటెను. ఆయనకు సంపద మాత్రము రాలేదు. తగిన గుర్తింపు లేదని ఆయన కడవఱకు చింతించెను. జాతీయ నవకల్పన ప్రతిష్ఠానము 2005లో సన్మానించెను. 2018లో మరణించెను. ఆయన యా రకమును నిలువబెట్టిన నాటికి రైతు రకమును నమోదు చేయు చట్టమే మన దేశమున లేదు.

ఇప్పు డున్నది. మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము 2001లో వచ్చినది. విలక్షణత, ఏకరూపత, స్థిరత గల రకమును రైతు తన పేర నమోదు చేయించుకొనవచ్చును. రైతునకు రుసుము లేదు. పైరులకు రక్షణ 15 సంవత్సరములు. నా దృష్టిలో అంతకన్న ముఖ్యమైనది 39వ సెక్షను. ఇతరుల నమోదిత రకమునైనను రైతు దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, పొరుగువానికి మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును. సంస్థ ముద్రపేరుతో సంచి గట్టి మాత్రము అమ్మరాదు. 2019లో గుజరాతు బంగాళాదుంప రైతులపై పెప్సీకో సంస్థ వేసిన దావాలు ఈ సెక్షనునే చర్చకు దెచ్చినవి. ఆ యేటనే సంస్థ వానిని ఉపసంహరించుకొనెను. ఎవడైన వచ్చి, విత్తనము దాచుట నేరమని బెదరించినచో సంఘ కార్యదర్శి యీ సెక్షను సంఖ్యను చెప్పగలిగి యుండవలెను.

సంఘముల కొక మార్గము గలదు. పోచంపల్లి చిటికి వస్త్రమునకు 2004-05లో భౌగోళిక సూచిక నమోదైనది. దాని నమోదుదారులలో అచ్చటి చేనేత సహకార సంఘ మొకటి. అది యొక్కని సొత్తు కాదు, ఊరందఱి పేరు. తాండూరు కందికి 2022లో అట్టి గుర్తింపు కలిగినది.

పనిముట్టు చేసినవా డొక జాగ్రత్త వహింపవలెను. దరఖాస్తునకు ముందే సంతలో నమ్మినను, పత్రికలలో దాని యమరికను ప్రకటించినను, క్రొత్తదనము పోయినదని దరఖాస్తు త్రోసివేయబడవచ్చును. పొగడ్త కాశపడి ముందే చూపుట మన వారికి గల బలహీనత. తొందర యున్నవారు మొదట తాత్కాలిక వివరణము దాఖలు చేసి, పండ్రెండు మాసములలో సంపూర్ణ వివరణము నీయవచ్చును. తెలంగాణమునకు పేటెంటు కార్యాలయము చెన్నపట్టణమున నున్నది. వ్యక్తికి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకు వేఱుగ 4,000. విత్తనము వేఱుచేసినవారు ఏ మడిలో, ఏ తేదీన, ఏ రకము నడుమ ఆ కంకి కనబడెనో ఆనాడే కాగితమున వ్రాసి, ఇద్దఱు సాక్షులచే సంతకము చేయించి, గుప్పెడు గింజలను పొడి సీసాలో నుంచి, చీటి యంటించి దాచుకొనవలెను.