పీటర్ గ్రీన్ గురించి, మీ బేస్ అబ్బాయి గురించి



నీ మెయిలు చదివాను. మీ బ్యాండు పిల్లలంతా తెల్లవార్లూ కూర్చుని గిటారిస్టు పీటర్ గ్రీన్ గురించి వాదించుకున్నారంటే సంతోషం వేసింది. హైదరాబాద్‌లో నీ ఈడు పిల్లలు అరవై ఏళ్ల కిందటి లండన్ బ్లూస్‌ని అంత ప్రేమగా వింటారని నేననుకోలేదు. అయితే చివరికి మీరు తేల్చిన మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆయనకు మతి చలించింది కాబట్టే ఆ సంగీతం పుట్టిందట, ఒళ్లు కాలనివాడు బ్లూస్ వాయించలేడట. ఇంగ్లండులో ఇన్నేళ్లు మానసిక వైద్యురాలిగా పనిచేసినదాన్ని, ఆ మాట విని ఊరుకోలేను నాన్నా.

ముందు ఏది ఎప్పుడు జరిగిందో వరసగా చూడు. 1946లో తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో, యూదుల ఇంట పుట్టాడు. 1966లో ఎరిక్ క్లాప్టన్ వెళ్లిపోయిన చోట జాన్ మేయల్ బ్లూస్‌బ్రేకర్స్‌లో చేరాడు. క్లాప్టన్ దేవుడని అభిమానులు లండన్ గోడల మీద రాసిన రోజులవి. అలాంటివాడి ఖాళీలో ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడి, ‘ఎ హార్డ్ రోడ్’ ఆల్బమ్‌లో ‘ది సూపర్‌నాచురల్’ వాయించాడు. 1967లో సొంత బ్యాండు పెట్టి, దానికి తన పేరు పెట్టుకోలేదు. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ వాయించే జాన్ మెక్‌వీల పేర్లు కలిపి ఫ్లీట్‌వుడ్ మాక్ అన్నాడు. మెక్‌వీ అప్పటికింకా అందులో చేరనేలేదు. నాకు ఆయనంటే గౌరవం అక్కడే మొదలైంది. 1968లో ‘బ్లాక్ మ్యాజిక్ వుమన్’ చేశాడు, మీలో సగం మంది సంటానాది అనుకునే పాట. ‘ఆల్బట్రాస్’ 1969 జనవరికి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ ఏడాదే ‘మ్యాన్ ఆఫ్ ద వరల్డ్’, ‘ఓ వెల్’ వచ్చాయి. 1970 మేలో బ్యాండు వదిలి వెళ్లేనాటికి ఆయనకు 23 ఏళ్లు.

ఆ సంగీతం జబ్బు పెట్టిన భిక్షే అయితే, జబ్బు ముదిరిన డెబ్బైల్లో అది ఇంకా పొంగిపొర్లాలి కదా? ఆ దశాబ్దంలో ఎక్కువ కాలం ఆయన గిటారుకు దూరంగానే బతికాడు. ‘మ్యాన్ ఆఫ్ ద వరల్డ్’లో దుఃఖం ఉంది, కాదనను. కానీ దుఃఖం వేరు, జబ్బు వేరు. దుఃఖపడేవాడు కూర్చుని దానికి ఒక పాట కట్టగలడు. ఆయనకొచ్చిన స్కిజోఫ్రీనియా లాంటిది ముదిరితే మనిషికి ఆ కూర్చునే ఓపికా, కట్టే నేర్పూ రెండూ పోతాయి.

ఆ టోన్‌ని కూడా మీరు ఆయన గాయపడ్డ మనసుకే ముడిపెట్టారు. అందులో పెద్ద భాగం ఒక అయస్కాంతానిది. ఆయన 1959 నాటి లెస్ పాల్‌లో మెడ వైపు పికప్ అయస్కాంతం తిరగబడి ఉండేది. రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే వాటి తరంగాలు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుని, ఆ బోలు గొంతు పలికేది. ఆ గిటారు తర్వాత గ్యారీ మూర్ దగ్గరికి వెళ్లింది, ఇప్పుడు మెటాలికా కిర్క్ హామెట్ దగ్గరుంది. మిగతాది ఆయన వేళ్లదీ, చెవిదీ. బి.బి. కింగ్ అంతటివాడు ఆయన్ని మెచ్చుకున్నది వేగానికి కాదు. ‘నీడ్ యువర్ లవ్ సో బ్యాడ్’ పెట్టుకుని, ఎక్కడెక్కడ వాయించకుండా ఆగాడో విను. నీ సోలోల్లో లేనిది ఆ ఆగడమే. దాన్ని సాధన చెయ్యి. బాధలు తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

ఇక మ్యూనిక్ సంగతి. 1970లో అక్కడొక కమ్యూన్‌లో ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాడు, ఆ తర్వాత మునుపటి మనిషి కాలేదని తోటివాళ్లు చెబుతూ వచ్చారు. ఒక్క రాత్రిలో అంతా అయిపోయిందన్న కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆయన నా రోగి కాదు కాబట్టి ఆయన విషయంలో తీర్పు చెప్పను. మామూలుగా చూస్తే, మగవాళ్లలో స్కిజోఫ్రీనియా టీనేజీ చివర నుంచి పాతికేళ్ల లోపు బయటపడుతుంది, చాలామందిలో నెలల తరబడి నెమ్మదిగా. ఆ జబ్బు వచ్చే తత్వం ఉన్నవాణ్ణి అలాంటి మత్తు దానివైపు తోస్తుంది. మీలో ఎవరికి ఆ తత్వం ఉందో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. గంజాయి విషయంలోనూ ఇదే మాట.

తర్వాత ఆయన శ్మశానంలో గోతులు తవ్వాడు, ఆసుపత్రిలో పోర్టరుగా చేశాడు, కరెంటు షాకు చికిత్సలు చేయించుకున్నాడు. 1977లో అకౌంటెంట్‌ని తుపాకీతో బెదిరించాడన్న కేసులో పట్టుబడి మానసిక వైద్యశాలకు చేరాడు. ఆ కథ చెప్పుకుని మీరు పగలబడి నవ్వారని రాశావు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరెత్తి తోటివాణ్ణి వెక్కిరించే అలవాటు మన ఊళ్లో ఉంది, ఇదీ ఆ జాతిదే. డబ్బు తనను తినేస్తోందని హడలిపోయిన మనిషి ఆయన.

తొంభైల్లో స్ప్లింటర్ గ్రూప్‌తో తిరిగి వేదికెక్కితే, పాత వేళ్లు లేవని అభిమానులు పెదవి విరిచారు. ఈ జబ్బు మందుల్లో చాలావాటికి చేతుల చురుకు తగ్గించే గుణం ఉంది. అయినా 1998లో రాబర్ట్ జాన్సన్ పాటలతో ఒక ఆల్బమ్ చేశాడు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సభలో సంటానా పక్కన నిలబడి తన పాట వాయించాడు. 2020 జులైలో నిద్రలోనే పోయాడు, 73 ఏళ్లకు. పాతికేళ్లకే కాలిపోయిన తారగా ఆయన్ని చెప్పుకుంటున్నారు మీరు. ఆ తర్వాతి అర్ధశతాబ్దం కూడా ఆయన జీవితమే.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నీ మెయిలు చివర ఒక వాక్యం ఉంది. మీ బేస్ అబ్బాయి కొన్నాళ్లుగా రిహార్సల్‌కి రావట్లేదు, రాత్రుళ్లు నిద్రపోవట్లేదు, మీరంతా తన వెనక గుసగుసలాడుతున్నారంటున్నాడు. దానికి మీరు పెట్టిన పేరు ‘పీటర్ గ్రీన్ ఫేజ్’. నాన్నా, అది ఫేజ్ అనుకుని చూస్తూ కూర్చోవద్దు. రేపే వాళ్లింటికి వెళ్లు, ఒక్కడివే వెళ్లు. గుసగుసలు నిజమా కాదా అని వాదించకు, నవ్వకు. సరిగా నిద్రపోతున్నాడా, తింటున్నాడా, భయమేస్తోందా అని అడుగు. వాళ్లమ్మగారికి దాచకుండా చెప్పు. ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించాలి, ఎర్రగడ్డ ఆసుపత్రి ఓపీ అయినా సరే. ఏమైనా పీలుస్తున్నాడేమో డాక్టరుకు నిజం చెప్పాలి. టెలి మానస్ 14416కి ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలని ఉందంటే మాత్రం ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇది ఆ జబ్బే అని నేననడం లేదు. అయితే గనక, మొదటి నెలల్లో మొదలైన వైద్యానికీ ఏళ్ల తర్వాత మొదలైన వైద్యానికీ చాలా తేడా ఉంటుంది.

వాడి చోటుకి ఇంకొకణ్ణి ఇప్పుడే వెతకొద్దు. ఆదివారం సాయంత్రం నాకు వీడియో కాల్ చెయ్యి, వీలైతే వాళ్లమ్మగారిని కూడా కూర్చోబెట్టు. నేను మాట్లాడతాను.

నీ పెద్దమ్మ