పొరుగువాని దొడ్డిలోనికి వ్రాలిన కొమ్మ

కొత్తపట్నము వంటి తీరగ్రామములలో దొడ్డికిని దొడ్డికిని నడుమ గోడ కొందరికే యుండును. తక్కినవారికి తాటాకు దడియో ముండ్లకంపయో హద్దు. దడి మేకను ఆపును గాని చెట్టును ఆపదు. ఒకరు నాటిన మునగ కొలదికాలములోనే ప్రక్కవారి వంటపాక మీదికి వంగును. వేప కొమ్మలు దడి దాటి పశువుల కొట్టము పైకి ప్రాకును. ఆకులు ఊడ్చువారొకరు, కాయలు కోయువారు మరియొకరు అయినప్పుడు మాట పెరుగును. "మా దొడ్డిలోనికి వచ్చిన కొమ్మ ఎవరిది, పంతులుగారూ?" అని తరగతిలో పిల్లలు మమ్ము పలుమారులు అడుగుచుందురు. తలిదండ్రులకును పనికివచ్చునను తలంపుతో దానికి సమాధానము ఇచట వ్రాయుచున్నాము.

నేల ఎవరిదో, ఆ నేలపైనున్న ఆవరణమును అనుభవించు హక్కు వారిదే. కావున హద్దు దాటి వచ్చిన కొమ్మను హద్దువరకు కొట్టుకొను హక్కు ఆ నేల యజమానికి కలదు. దీనిని గూర్చి పేరెన్నికగన్న తీర్పు ఇంగ్లండులోనిది. లెమ్మన్ అనువాని చెట్ల కొమ్మలు ఎన్నో యేండ్లుగా వెబ్ అను పొరుగువాని నేలపైకి వ్యాపించియుండగా, వెబ్ ముందుగా తెలుపకయే వానిని నరికించెను. వ్యాజ్యము ప్రభువుల సభదాక పోయెను. తన నేల విడిచి అవతల అడుగిడనంతవరకు వెబ్ చేసినది తప్పు కాదని 1894లో ఆ సభ తీర్పు చెప్పెను. కొమ్మ ఎన్నియేండ్లు వ్రేలాడినను చెట్టు యజమానికి అట్లు వ్రేలాడదీయు హక్కు పుట్టదు. మన దేశపు న్యాయస్థానములును సాధారణముగా ఈ సూత్రమునే అనుసరించుచున్నవి.

అయితే "హద్దువరకు" అను మాటను మరువరాదు. దడికి అవతలనున్న మొదలుమీద గొడ్డలి వేయుటకు గాని, నిచ్చెన వేసికొని వారి దొడ్డిలో దిగుటకు గాని ఈ హక్కు చాలదు. రాత్రివేళ చెట్టు మొదట ఆసిడు పోసి చంపుట నేరము. ఆంధ్రప్రదేశములో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టమును బట్టి చెట్టును మొదలంట కొట్టుటకు అధికారి అనుమతి కావలెను. చెట్టు తనదైనను ఇది తప్పదు.

ఇక కాయల మాట. కొట్టిన కొమ్మయు, దాని కాయలును చెట్టు యజమానివే. 1919లో ఇంగ్లండులోనే ఒకడు తన తోటలోనికి వ్రాలిన పొరుగువాని కొమ్మల ఆపిలుపండ్లను కోసి అమ్ముకొనగా, వాని వెల చెల్లింపవలసినదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ ఆపిలుకును మన మునగకాయకును న్యాయమొక్కటే. విద్యార్థులలో కొందరికి ఈ వాక్యము రుచింపదని మాకు తెలియును.

ఇంతవరకు చెప్పినది తగవుల సంగతి. ప్రాణముల సంగతి వేరు. కొమ్మ విరిగిపడి పాక కూలినను, దూడ చచ్చినను, మనుష్యునికి దెబ్బ తగిలినను నష్టము ఎవరు భరింపవలెను? చెట్టు తనదైనంత మాత్రమున యజమాని ప్రతిసారియు బాధ్యుడు కాడు. 1926లో తీర్పు పొందిన ఒక వ్యాజ్యములో, వాతావరణము నిమ్మళముగా నున్న దినమున దారిపైకి చాచిన కొమ్మ విరిగి ఒక మోటారు బండిపై పడెను. లోపలి లోపము పైకి కనబడునది కాదు. ఎంత జాగ్రత్తగా చూచినను తెలియునది కాదు. కావున యజమాని బాధ్యుడు కాడని తేలెను. దీనికి ఎదురుగా మన దేశపు సంగతి యొకటి కలదు. 1964లో ఢిల్లీలో స్కూటరుపై పోవుచున్న యువకునిపై దారిప్రక్క చెట్టు కొమ్మ విరిగిపడగా అతడు మరణించెను. ఆ చెట్టు ఎండిపోయియున్నది; చూచువారికి అపాయము తెలియదగియున్నది. అయినను దానిని తొలగింపలేదు గనుక నగరపాలక సంస్థయే బాధ్యురాలని 1999లో సుప్రీంకోర్టు స్థిరపరచెను. ఆ కడపటి తీర్పు వచ్చుసరికి 35 ఏండ్లు గడచినవి.

ఈ రెండు తీర్పులకు నడుమనున్న భేదమంతయు ఎరుకలో ఉన్నది. యజమాని అపాయమును ఎరుగునా, ఎరుగవలసియుండెనా అనునదే ప్రశ్న. పొరుగువాడు వచ్చి "మామా, మీ వేపకొమ్మ ఎండినది, మా దూడను దాని క్రిందనే కట్టుచున్నాము. ఈ వారములో కొట్టింతురా? మనిషిని మేమును ఒకని పంపెదము" అని చెప్పిన గడియనుండి "నాకు తెలియదు" అను మాట మామకు చెల్లదు. కావున కొట్టుకొను హక్కునకు ముందస్తు మాట అక్కరలేకున్నను, అపాయము విషయములో ఆ మాటయే ముఖ్యము. మాటకు ఫలము లేనిచో తేదీ వేసి చీటి వ్రాసి, నకలు దాచుకొనవలెను. అప్పటికిని కదలిక లేక, పడిపోవు స్థితిలోనున్న చెట్టు ఇరుగుపొరుగు వారికో దారిన పోవువారికో హాని చేయునట్లుండినచో, కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును. చెట్టును తీసివేయుమనియో, ఊతము పెట్టుమనియో ఆయన ఉత్తరువు చేయగలరు. ఇది 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోను, 1973 నాటి దానిలోను 133వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను.

తుపానులో పడినదానికి ఎవరేమి చేయుదురని కొందరందురు. ఆరోగ్యముగానున్న చెట్టును అసాధారణమైన గాలి కూల్చినచో ఆ మాట నిలుచును. ముందే పుచ్చిన కొమ్మ విషయములో నిలుచుట కష్టము. మన తీరమునకు తుపాను అనుకోని చుట్టము కాదు. 2010 మేలో లైలాయు, 2023 డిసెంబరులో మిచౌంగును బాపట్ల సమీపముననే తీరము దాటినవి.

పొలములలోను సూత్రమిదియే. మిరపతోటపై గట్టునున్న తుమ్మ నీడ పడునప్పుడు, మొదలు ఎవరి నేలలో నున్నదో చెట్టు వారిది. రెండవవారు తమ వైపు కొమ్మలు మాత్రము తీయవచ్చును. మొదలు ఉమ్మడి గట్టుపైనే యుండినచో ఇరువురి సమ్మతి లేక కొట్టరాదు.

ఎండిన కొమ్మను గుర్తించుట కష్టము కాదు. బెరడు పెచ్చులుగా ఊడుట, పుట్టగొడుగులు మొలచుట, తొఱ్ఱ యేర్పడుట, తట్టిన డొల్లగా మ్రోగుట గురుతులు. వేప మాత్రము ఉగాదికి ముందు ఆకు రాల్చును. అప్పుడు చూచి చచ్చినదనరాదు, చిగుర్చు కాలమున చూడవలెను. ఈ పని ఆశ్వయుజ కార్తికముల వానగాలులు రాకముందే ముగింపవలెను. కొమ్మ కరెంటు తీగలకు దగ్గరగా నుండినచో విద్యుత్ శాఖవారికి తెలిపి, వారు వచ్చువరకు చేయి పెట్టరాదు.

బరువైన కొమ్మను ఒక్క వేటున కొట్టినచో బెరడు మొదలుదాక చీలును. త్రాడు కట్టి, మొదటికి మూరెడు దూరమున ముందుగా అడుగునుండి కొంత కోయవలెను. దానికి కొంచెము అవతల పైనుండి కోసిన కొమ్మ చీలకయే దిగును. మిగిలిన మోడును, మొదట ఉబ్బియుండు వలయమునకు గాయము కాకుండ, దాని వెలుపల కోయవలెను. కట్టెలు చెట్టు యజమాని వాకిట వేయింపవలెను. ఆయన అందులో సగము వెనుకకు పంపినచో పొయ్యిలోనికి తీసికొనవచ్చును.