నాన్నకు ఆ కోపం ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్ మాత్రలు వాడతారు. ఎంతో నెమ్మదస్తులు. ఈమధ్య భోజనం ఆలస్యమైతే చెమటలు పట్టి, కేకలేస్తూ కంచం విసిరేస్తున్నారు. తర్వాత గుర్తులేదంటారు. ఎందుకిలా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆయన స్వభావం మారిందని బాధపడకండి. ఆ చెమటలు, మరుపు చూస్తే రక్తంలో చక్కెర పడిపోతోందని నా బలమైన అనుమానం. మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజే. అది తగ్గితే విచక్షణ సడలుతుంది. వయసుతో కిడ్నీల పనితీరు తగ్గితే కొన్ని మాత్రల ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కూడా.

అప్పుడు వాదించకండి. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. మీటరు లేకపోయినా ఆగొద్దు. 15 నిమిషాలకు మళ్లీ చూసి భోజనం పెట్టండి.

మాత్రలు మీరే ఆపేయకుండా, ఈ వారమే డాక్టరుతో మోతాదు సరిచేయించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. చక్కెర మామూలుగా ఉన్నా ఇలాగే ప్రవర్తిస్తే న్యూరాలజిస్టుకు చూపించాలి.